రెండు గేట్ల మధ్య వచ్చిన జబ్బు

మా ఊరి పెద్దాసుపత్రిలో జ్వరాన్ని నిషేధించిన తొంభై ఎనిమిదో రోజున నాకు జ్వరం వచ్చింది. తప్పు నాదే. ఇంకో రెండు రోజులు ఆగి ఉండాల్సింది.

ముందు గడ్డ సంగతి చెప్పాలి. వీపు మీద, కుడి భుజానికి కాస్త కింద, రేగుకాయంత గడ్డ. మా బుజ్జమ్మని భుజానేసుకుంటే దాని చెయ్యి సరిగ్గా అక్కడే పడేది. నాకసలే భయాలెక్కువ. పదకొండు నెలల పిల్ల నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకాన్ని. గడ్డ మీద కూడా రోజుకి పదిసార్లు వేలు పెట్టి చూసి, నిమ్మకాయంత అయిందని తేల్చుకున్నాను.

"నువ్వలా నొక్కుతుంటే గుమ్మడికాయంతవుతాది," అంది మా అత్త సన్యాసమ్మ.

డాక్టరు గారు చూసి నవ్వేశారు. "కొవ్వు గడ్డమ్మా. ఇరవై నిమిషాల పని. మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చు."

సోమవారం ఆపరేషను. నిజంగానే ఇరవై నిమిషాలు పట్టింది. మూడు కుట్లు పడ్డాయి. మర్నాడు ఇంటికెళ్ళడం మాత్రం పడలేదు.

ఎందుకంటే ఆసుపత్రి ముందు గేటుకి ఒక పెద్ద బోర్డు ఉంది. "మా శస్త్రచికిత్స వార్డులో ఇన్‌ఫెక్షన్ లేని రోజులు" అని రాసి, కింద మేకులకి రేకు అంకెలు తగిలించి ఉంటాయి. రోజూ పొద్దున్నే ఒక అంకె మారుస్తారు. నూరు నిండిన రోజున పై నుంచి కమిటీ వచ్చి, చూసి, మెచ్చుకుని, షీల్డు ఇచ్చి వెళ్తుంది. కమిటీ వచ్చేసరికి వార్డులో మంచాలన్నీ నిండుగా ఉండాలి. ఖాళీ వార్డులో ఇన్‌ఫెక్షన్ లేకపోవడం ఏం గొప్ప? అందుకని ఆ వారం చేరినవాళ్ళెవరినీ ఇంటికి పంపడం లేదు.

మొదట్లో ఆ బోర్డు నిజాయితీగానే నడిచిందని ఎనిమిదో మంచం అప్పయ్యమ్మ చెప్పింది. ఆవిడ కాలి గిలక ఆపరేషనుకని వచ్చి, ఇద్దరు డాక్టర్లు మారడం చూసింది. అందరూ చేతులు కడుక్కునేవారట. అంకె పదకొండు దాకా వెళ్ళేది, ఎవరికో జ్వరం వచ్చేది, మళ్ళీ సున్నా. ఇంకోసారి తొమ్మిది, మళ్ళీ సున్నా. అప్పుడు నాణ్యతాధికారి చిదంబరరావు గారు రిజిస్టర్లు ముందేసుకుని వారం రోజులు పరిశోధన చేశారు. జ్వరం వచ్చిన ప్రతి రోగికీ అంతకు ముందు నిమిషంలో థర్మామీటర్ పెట్టి ఉన్నట్టు కనిపెట్టారు. థర్మామీటర్ పెట్టనివాళ్ళలో ఒక్కరికి కూడా జ్వరం నమోదు కాలేదు.

వార్డులోని నలభై థర్మామీటర్లూ ఆ సాయంత్రమే బీరువాలోకి వెళ్ళాయి. తాళం చిదంబరరావు గారి జేబులోకి వెళ్ళింది. అప్పట్నుంచీ అంకె ఆగలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నాకు చలి మొదలైంది. ధనుర్మాసం కదా, అందరికీ చలే అనుకున్నాను. కానీ నా చలికి మంచం కూడా వణికింది. మా అత్త తన దుప్పటి కప్పింది, దాని మీద అప్పయ్యమ్మ దుప్పటి కప్పింది. అరగంటకి చలి పోయి ఒళ్ళు పొయ్యి అయిపోయింది.

"సిస్టరమ్మా! పిల్ల ఒళ్ళు కాలిపోతంది. ఓసారి ఇటు సూడు!" అని కేకేసింది అత్త.

సుగుణ సిస్టర్ పరుగెత్తుకొచ్చి నోటి మీద వేలు పెట్టింది. "ఆ మాట అనకూడదు పిన్నీ. ఇక్కడ ఎవరి ఒళ్ళూ కాలదు." అంటూనే నా నుదుటి మీద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి చూసి నాకు భయమేసింది.

"డాక్టరు గారిని పిలవండి సిస్టర్."

"ఆయన మీటింగు హాల్లో ఉన్నారమ్మా. కమిటీకి చూపించే బొమ్మలు తయారు చేసుకుంటున్నారు. అక్కడికి ఎవర్నీ రానివ్వడం లేదు."

చిదంబరరావు గారు మాత్రం వచ్చారు. తెల్ల కోటు, జేబులో మూడు రంగుల పెన్నులు. నన్ను తాకకుండా రెండడుగుల దూరం నుంచే పరిశీలించారు.

"సదరు రోగికి జ్వరం లేదు. ఉష్ణ భావన ఉంది."

"భావనేటి బాబూ? సెయ్యేసి సూడు!"

"చెయ్యి ప్రామాణిక పరికరం కాదమ్మా. చేతితో చూసిన వేడి నిబంధనావళి ప్రకారం పరిగణనలోకి తీసుకోబడదు."

"అయితే ఆ గాజు పుల్ల పెట్టు."

"పెట్టవచ్చు. కానీ జ్వరం ఉన్నవారికే థర్మామీటర్ మంజూరు చెయ్యాలి. జ్వరం ఉన్నట్టు థర్మామీటర్ చెప్పాలి." ఆయన చిరునవ్వు నవ్వారు. "మీకు లేదు కాబట్టి అవసరం లేదు. సంతోషించండి."

సంతోషించాను. నాకు పెద్ద మనుషులు చెప్పింది నమ్మే అలవాటు. పైగా పిల్ల మీద బెంగ. పన్నెండేళ్ళలోపు వాళ్ళు సూక్ష్మజీవుల వాహకాలట, వార్డులోకి రానివ్వరు. మా ఆయన గోవిందు ఆటో పక్కన పెట్టేసి, బుజ్జమ్మని ఎత్తుకుని గేటు బయట టీ బడ్డీ దగ్గర కాపలా ఉన్నాడు. పాలు తాగే పిల్ల రెండు రోజులుగా డబ్బా పాలు తాగుతోంది. నాకు రొమ్ములు రాళ్ళై ఒక నొప్పి, వీపున ఇంకో నొప్పి. ఏది దేనిదో తెలియడం లేదు.

*

మా అత్త చదువుకోలేదు గానీ ఊరికే ఓడిపోయే మనిషి కాదు. బుధవారం పొద్దున తన సంచిలోంచి కొబ్బరినూనె డబ్బా తీసింది. చలికి నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది. అప్పయ్యమ్మ దగ్గరా సరిగ్గా అలాంటి డబ్బాయే ఉంది. ఒకటి అప్పయ్యమ్మ చంకలో పెట్టింది, ఇంకోటి నా చంకలో పెట్టింది.

"ఇద్దరూ కదలకండి. సిస్టరమ్మా, గడియారం సూడు."

వార్డంతా లేచి కూర్చుంది. అప్పయ్యమ్మ మనిషి మంచిదేగానీ ఓర్పు తక్కువ. "నా నూనె ముందు కరుగుతాది సూడండి," అని పందెం కాసింది. నా డబ్బాలో నూనె నీళ్ళైపోయేసరికి, ఆవిడ డబ్బాలో ఇంకా సగం గడ్డ అలాగే ఉంది. పందెం ఓడిపోయినందుకు ఆవిడ బాధపడింది. గెలిచినందుకు మా అత్త ఏడ్చింది.

రెండు డబ్బాలూ పట్టుకుని అత్త చిదంబరరావు గారి గదికి వెళ్ళింది. ఆయన శ్రద్ధగా విన్నారు. గంటలో వార్డు గోడకి కాగితం అంటించారు. "కొన్ని కొబ్బరినూనె డబ్బాలు అనధికారికంగా ఉష్ణోగ్రతను కొలుచుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇకమీదట వార్డులోకి కేశ తైలములు అనుమతించబడవు." అటెండరు వచ్చి బుట్టలో అందరి డబ్బాలూ పోగేసుకుపోయాడు. ఆ సాయంత్రం వార్డులో ఒక్క ఆడమనిషి కూడా జడేసుకోలేదు.

సుగుణ సిస్టర్ కట్టు విప్పి చూసింది. కుట్ల చుట్టూ ఎర్రగా ఉబ్బి, చీము కూడా పట్టిందట. వెంటనే చిదంబరరావు గారిని పిలుచుకొచ్చింది.

"ఎరుపు అనకండి," అన్నారాయన. "గులాబీ. గులాబీ వర్ణం నవజీవన సూచకం."

"గుండె నిమిషానికి నూట ముప్ఫై కొట్టుకుంటోంది సార్."

"చలాకీతనం. రాసుకోండి."

"పొద్దుట్నుంచీ ఒంటికి పోలేదు సార్."

"బాత్రూముల దగ్గర రద్దీ తగ్గిందని నేనే అనుకుంటున్నాను. మంచిది."

మా ఆయన కిటికీ దగ్గరికి వచ్చి ఊచలు పట్టుకున్నాడు. మామూలుగా పోలీసు కానిస్టేబుల్ని చూసినా నమస్కారం పెట్టే మనిషి. "సార్, మా రత్నాన్ని ఇంకో ఆసుపత్రికి తీసుకుపోతాను. రాసివ్వండి."

"తప్పకుండా. ఇదిగో ఫారం. ఇందులో 'కారణము' అని ఒక గడి ఉంది. జ్వరం అని రాయలేము, లేదు కనుక. ఇన్‌ఫెక్షన్ అని రాయలేము, తొంభై తొమ్మిది రోజులుగా లేదు కనుక. కారణం లేకుండా పంపలేము. మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, అర్థం చేసుకోండి."

మా ఆయన ఐదు చదివాడు. అర్థం చేసుకోలేకపోయాడు.

ఆ సాయంత్రానికి నాకు మాట తడబడడం మొదలైంది. చిదంబరరావు గారిని చూసి మా పెళ్ళి చేయించిన పంతులు గారనుకుని, "తాంబూలం తీసుకోకుండా వెళ్ళిపోతారా?" అని అడిగానట. ఆయన చాలా సంబరపడ్డారు. "ఈ వార్డులో ఇంత ఉల్లాసంగా ఉన్న రోగి మరొకరు లేరు. బుగ్గలు చూడండి, ఎంత ఎర్ర... గులాబీగా ఉన్నాయో! రేపు కమిటీ ముందు ఈమే మాట్లాడుతుంది." నాకు రెండు వాక్యాలు నేర్పారు. "ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. ఇంటికి వెళ్ళాలని అనిపించడం లేదు."

రెండోది ఎన్నిసార్లు నేర్పినా నాకు రాలేదట. 'ఇంటికి' అన్నాక 'బుజ్జమ్మ' అనేదాన్నట.

*

గురువారం. గేటు బోర్డు మీద మూడో మేకు కొత్తగా కొట్టి నూరు తగిలించారు. అరటి పిలకలు కట్టారు. నాకు అవేవీ తెలియవు. కాళ్ళు చల్లగా ఉన్నాయనీ, మోకాళ్ళ మీద చర్మం నీలంగా మచ్చలు కట్టిందనీ అత్త తర్వాత చెప్పింది.

మా వార్డు చివర ఒక తలుపు ఉంది. దాని అవతల అత్యవసర విభాగం. నా మంచం నుంచి ఎనిమిదడుగులు. ఆ తలుపుకి తాళం. అత్త చుట్టూ తిరిగి, రోడ్డు మీదుగా రెండో గేటులోంచి అక్కడికి వెళ్ళింది. అక్కడా ఒక బోర్డు ఉంది. "మేము కాపాడిన సెప్సిస్ రోగులు" అని రాసి, కింద సున్నా.

డాక్టర్ నస్రీన్ అని చిన్నావిడ, సీలు విప్పని మందుల ట్రాలీ పక్కన కూర్చుని ఉంది. అత్త చెప్పిందంతా వింది. చలి, వేడి, గుండె దడ, ఒంటికి పోకపోవడం, మాట తప్పడం, కాళ్ళు చల్లబడడం. వింటూ వింటూ లేచి నిలబడింది.

"అమ్మా, అది సెప్సిస్, రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షన్. గంటలు కాదు, నిమిషాల లెక్క. వెంటనే నా దగ్గరికి తీసుకురండి."

"ఆ తలుపు తీయించు తల్లీ, ఎత్తుకొచ్చేస్తాను."

"తాళం చిదంబరరావు గారి దగ్గర ఉంది. అడగడానికి వెళ్తే కారణం రాయమంటారు. నాక్కూడా ఒక నిబంధన ఉంది. లోపలి వార్డు రోగిని వాళ్ళు రాసివ్వకుండా నేను ముట్టుకోకూడదు." ఆవిడ మందుల ట్రాలీ సీలు తెంచింది. "కానీ రోడ్డు మీద నుంచి ఎవరొచ్చినా చూడాలి. ఎక్కడి నుంచి వచ్చావని అడగను. మీరు వచ్చేసరికి సూది చేతిలో పట్టుకుని ఉంటాను."

అత్త పరుగు. సుగుణ సిస్టర్‌కి చెవిలో చెప్పింది. సిస్టర్ చక్రాల కుర్చీ తెచ్చింది. "మంచం ఖాళీగా కనపడకూడదు పిన్నీ. ఇంకో పది నిమిషాల్లో కమిటీ."

"ఖాళీ ఎందుకుంటాది?" అని మా అత్త నా మంచమెక్కి, దుప్పటి మెడ దాకా లాక్కుంది.

సిస్టర్ నన్ను కుర్చీలో పెట్టి తోసుకుంటూ, కమిటీ హడావుడిలో ఎవరూ చూడకుండా ముందు గేటు దాటించింది. ఆ గేటుకీ రెండో గేటుకీ మధ్య రోడ్డు నలభై అడుగులు ఉంటుంది. టీ బడ్డీ, పంచరు కొట్టు, ఒక కొళాయి. మాట తడబడ్డప్పట్నుంచీ నాకు గుర్తున్నదల్లా ఆ నలభై అడుగులే. ఎండ కళ్ళలో పడింది. మా ఆయన "రత్నం!" అని అరిచాడు. బుజ్జమ్మ అతని చంకలోంచి నా మీదికి దూకినంత పని చేసి, రెండు చేతులూ నా బుగ్గల మీద వేసింది. వేసి, కాలిన అట్లపెనం ముట్టుకున్నట్టు చటుక్కున వెనక్కి లాక్కుంది. తన అరచేతులు చూసుకుంది. నా మొహం చూసింది. పెదవి విరిచి గొల్లుమంది.

మూడు రోజుల్లో నాకు జ్వరం ఉందని గట్టిగా చెప్పి, ఎవరిచేతా నోరు మూయించుకోనిది అదొక్కతే.

"నేను చచ్చిపోతానేమోనండీ," అన్నాను. అంత స్పష్టంగా బుధవారం సాయంత్రం నుంచీ ఏమీ అనలేదట.

"నోర్మూసుకో. కుర్చీ పట్టుకో," అన్నాడు మా ఆయన ఏడుస్తూ. సిస్టర్ వార్డుకి వెనక్కి పరుగెత్తింది. మా ఆయనకి ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో కుర్చీ. ముగ్గురం రెండో గేటులోకి దూసుకుపోయాం.

*

తర్వాతి సంగతులు విన్నవి.

నేను అటు వెళ్ళగానే ఇటు కమిటీ వచ్చింది. నాదైన ఏడో మంచం దగ్గర ఆగి, కమిటీ పెద్దాయన రిజిస్టరు చూసి, మా అత్తని చూసి, మళ్ళీ రిజిస్టరు చూశారు.

"వయసు ఇరవై ఐదు?"

"మా ఊరి ఎండలు అలాంటివి బాబూ," అంది అత్త.

"వీపు మీద ఆపరేషను. కుట్లు ఎలా ఉన్నాయి?"

"మచ్చ కూడా లేకుండా మానిపోయింది. కావాలంటే సూడండి." వీపు చూపించింది. మూడు రోజుల్లో మచ్చ కూడా లేకుండా మానిన వీపుని కమిటీ ఎప్పుడూ చూడలేదు. ఫొటో తీసుకున్నారు. చిదంబరరావు గారి మొహం తెల్లబోయింది. కానీ ఏమనగలరు? రోగి మారిందంటే, మొదటి రోగి ఎక్కడని అడుగుతారు. ఆయన గొంతు సవరించుకుని, "మా వార్డు వాతావరణం అటువంటిది సార్," అన్నారు.

షీల్డు ఇచ్చారు.

అక్కడి నుంచి కమిటీ అత్యవసర విభాగానికి వచ్చింది. డాక్టర్ నస్రీన్ అప్పటికే నా రక్తం తీసి పరీక్షకి పంపి, మందు ఎక్కించి, సెలైను వదిలి, కుట్లు విప్పి చీము తీసేసింది. ఫారంలో 'రోగి ఎక్కడి నుంచి వచ్చినది' అన్న గడిలో 'రోడ్డు' అని రాసింది. అబద్ధమేం కాదు. కమిటీ చాలా ముచ్చటపడి రెండో షీల్డు ఇచ్చింది. బోర్డు మీద సున్నా పోయి ఒకటి వచ్చింది. ఆ ఒకటి నేనే.

నాలుగు రోజులు తెలివి వస్తూ పోతూ ఉన్నాను. ఐదో రోజు కళ్ళు తెరిచి, "పిల్ల ఊపిరి తీస్తోందా?" అని అడిగాను. "ఇదిగో, పాత రోగం తిరిగొచ్చింది. ఇంక బతికేసినట్టే," అన్నాడు మా ఆయన. ఎనిమిదో రోజు ఒక ఇడ్లీ తిన్నాను. పదో రోజు గోడ పట్టుకుని నడిచాను. పదకొండో రోజు డాక్టర్ నస్రీన్ వెళ్ళి ఎవరితో ఏం పోట్లాడిందో తెలియదు, విభాగం తలుపు పక్కన నాకు కుర్చీ వేయించి బుజ్జమ్మని తెప్పించింది. అది ముందు ఒక్క వేలితో నా బుగ్గ ముట్టుకుని చూసింది. చల్లగా ఉందని తేల్చుకున్నాకే వాళ్ళ నాన్న చంక దిగి నా ఒళ్ళోకి వచ్చింది.

చిదంబరరావు గారు ఖాళీగా కూర్చోలేదు. సదరు రోగి మొదటి గేటు దాటునప్పుడు ఆరోగ్యముగాను, రెండవ గేటు చేరునప్పటికి ప్రాణాపాయ స్థితిలోను ఉన్నందున, సదరు సెప్సిస్ మధ్యలో ఉన్న నలభై అడుగుల రోడ్డు మీద సోకినట్లు నిర్ధారించి మున్సిపాలిటీకి నోటీసు పంపారు. మున్సిపాలిటీ వాళ్ళు కూడా తక్కువవాళ్ళేం కాదు. రోడ్డంతా బ్లీచింగు చల్లి, టీ బడ్డీని పక్క సందులోకి జరిపి, కొళాయి దగ్గర ఒక బోర్డు పాతారు. "ఈ రోడ్డు మీద సెప్సిస్ లేని రోజులు."

నేను ఇంటికి వెళ్ళే రోజున ఆ బోర్డు మీద పద్నాలుగు ఉంది. మా ఆయన ఆటో ఆపి చూపించాడు. నూరు నిండితే వాళ్ళకీ కమిటీ వస్తుందట. అందాకా ఆ నలభై అడుగుల్లో ఎవరూ తుమ్మకుండా ఒక మనిషిని పెట్టారు.

ఆటో కదలబోతుంటే సుగుణ సిస్టర్ వచ్చి బుజ్జమ్మకి ఒక గౌను ఇచ్చింది. మడతల్లో గట్టిగా ఏదో తగిలింది. విప్పి చూస్తే థర్మామీటర్.

"అయ్యో, పట్టుకుంటారు సిస్టర్!"

"పట్టుకోరు. నలభై థర్మామీటర్లూ 'వార్డుకి అవసరం లేని సామాను' జాబితాలో రాసేశారు. పారెయ్యమన్నారు, నీ ఒళ్ళోకి పారేశాను." నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఈసారి వెనక్కి తీసుకోలేదు, కాసేపు అలాగే ఉంచింది. "ముప్ఫై తొమ్మిది మిగిలాయి. అడిగినవాళ్ళకి అలాగే పారేస్తాను."

ఇంటికొచ్చాక బుజ్జమ్మకి పైపన్ను మొలుస్తోంది. ఒళ్ళు కొంచెం వెచ్చబడింది. గంటకోసారి దాని చంకలో థర్మామీటర్ పెట్టి చూస్తున్నాను. మూడోసారి పెడుతుంటే మా అత్త కసిరింది.

"ఒలే, పల్లు జ్వరమే అది, ఎన్నిసార్లు సూస్తావు? ఎక్కువ సూపిస్తే మల్లీ ఏడుస్తావు."

"చూపించనీ అత్తా," అన్నాను గాజుపుల్లని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటూ. "మన గోడ మీద బోర్డు లేదు కదా. ఎంతుంటే అంత చెబుతుంది."